వదిన గదిలో నీళ్ళు

జూన్ 9, సాయంత్రం

వాన పడింది. నిజమైన వాన. వాలుకి అడ్డంగా తవ్విన ఐదు కందకాలూ నిండాయి. ఆయన చెప్పుల్లేకుండా గట్ల మీద అటూ ఇటూ పరిగెత్తాడు, యాభై దాటిన మనిషి. ఒక్క చుక్క మన హద్దు దాటలేదు చూశావా, ఒక్క చుక్క, అని పదిసార్లన్నాడు. చూశాను. నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ కందకాల మట్టిలో సగం నేనెత్తిందే.

కింద గేటు దగ్గర వదిన, ఆయన అక్క, గొడుగేసుకుని నిలబడింది. వానంతా మీరే తాగేశారేంటి, ఇక్కడ రోడ్డు కాలవ కూడా పారలేదు అని కేకేసింది. ఆయన నవ్వుతూ చెయ్యూపాడు. అది మెచ్చుకోలో దెప్పుడో నాకు తెలీలేదు. వదిన మాట ఎప్పుడూ అంతే, రెండు వైపులా కుట్టిన గుడ్డలా ఉంటుంది, ఏది లోపలో ఏది బయటో తేలదు.

జూన్ 12

ఈ వాలంతా మామగారిది. పంచుకున్నప్పుడు కింది సగం, పాత ఇల్లుతో సహా, వదినకి వచ్చింది. పై సగం, అంటే రాళ్ళు, మాకు. మా అమ్మ ఆ రోజు మొహం ముడుచుకుంది. ఆయన మాత్రం పండగ చేసుకున్నాడు. కంపెనీలో ఇరవై ఏళ్ళు డ్రాయింగులు గీసి విసిగిపోయిన మనిషి. సొంత నీళ్ళు, సొంత కరెంటు, సొంత కూరగాయలు అన్నాడు. నేను డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో పరాయి వాళ్ళ రక్తం చూసీ చూసీ ఉన్నాను. సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలీదు. అడిగే వాళ్ళకి మాత్రం చక్కగా చెప్తాను.

రెండు మట్టి గదులు, ఒక సోలార్ ప్యానెల్, వాన నీళ్ళ ట్యాంకు, రంపపు పొట్టు టాయిలెట్. ఫ్లష్ లేదు. పని కాగానే ఒక డబ్బా పొట్టు పోస్తాం, నిండాక కంపోస్టు చేస్తాం. వదినకి ఈ టాయిలెట్ మీద ఉన్నన్ని జోకులు ఇంక దేని మీదా లేవు. మా ఇంటికి వచ్చినా పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. కుట్టు మిషనే ఆవిడ సంసారం.

జూన్ 22

వదిన కుట్టు గదిలో గచ్చు చెమ్మగిలింది. మూల నుంచి మొదలై మిషన్ కాళ్ళ దాకా వచ్చింది. పైపు పగిలిందేమో అని ప్లంబర్‌ని పిలిచింది. ఆయన కూడా సాయం వెళ్ళాడు.

జూన్ 23

ప్లంబర్ బాత్రూమ్ గచ్చు కూడా పగలగొట్టి చూశాడు. పైపు ఎక్కడా చెమ్మ లేకుండా పొడిగా ఉంది.

జూలై 2

కుట్టి పేర్చిన స్కూలు యూనిఫారాల కట్టలకి బూజు పట్టింది. తెల్ల చొక్కాల మీద ఆకుపచ్చ చుక్కలు. నేను వెనిగర్ కలిపిన నీళ్ళలో ఒక్కొక్కటీ ఉతికాను. ఇద్దరం పెరట్లో ఆరేశాం. వదిన మాట్లాడలేదు. వదిన మాట్లాడకపోవడం నాకు అలవాటు లేదు, అందుకని నేనే వాగాను. మా బొప్పాయి పిందెల గురించి, తేనెటీగల గురించి. చివరికి ఆవిడ, ఎండ ఉండగా నోరు మూసుకుని చొక్కాలు తిప్పవే తల్లీ అంది. హమ్మయ్య అనిపించింది.

తిరిగి పైకి ఎక్కుతూ ఎందుకో వెనక్కి చూశాను. ఆవిడ కుట్టు గది కిటికీ. దానికి నేరుగా పైన మా ఐదో కందకం, అన్నిటికన్నా కిందది. మధ్యలో గడ్డి, ఒక నిమ్మచెట్టు, ఆవిడ వెనక గోడ. అంతే. గట్టిగా విసిరితే రాయి పడేంత దూరం.

ఛీ, నేనేదో ఊహించుకుంటున్నా అనుకుని వచ్చేశాను.

జూలై 3, మధ్యాహ్నం

ఆయనతో అన్నాను. మన నీళ్ళేమో అన్నాను.

ముందు నవ్వాడు. తర్వాత కాగితం తీసి బొమ్మ గీశాడు. కందకంలో నీరు నేరుగా కిందకి దిగుతుందట, భూమిలోకి, పక్కకి పోదట. అక్క ఇల్లు పాతది, పునాదిలో తేమ ఆపే పొర లేదు, వానాకాలం గోడలే పీల్చుకుంటాయి అన్నాడు. అన్నీ సబబుగానే ఉన్నాయి. మరి పోయిన ఏడు ఎందుకు పీల్చుకోలేదు అన్నాను. పోయిన ఏడు ఇంత వాన ఎక్కడిది అన్నాడు. అదీ నిజమే. పోయిన ఏడు ఐదో కందకం కూడా లేదు, కానీ అది నేను అనలేదు.

ఎందుకు అనలేదు? ఐదోది తవ్వుదామన్నది నేను కాబట్టా?

జూలై 5, ఆదివారం

ఆదివారాలు ఆయన క్లాసు చెప్తాడు, సొంత నీళ్ళతో సాగు ఎలాగో. టౌన్ నుంచి పది పన్నెండు మంది వస్తారు, కొత్త గమ్‌బూట్లు వేసుకుని. ఆయన వాళ్ళని కందకాల వెంట తిప్పుతాడు. నేను టీ ఇస్తాను. ఇవాళ ట్రే పట్టుకుని వెనకే నడుస్తుంటే ఆయన గొంతు వినిపించింది. నీళ్ళని మనం దాచుకోవడం లేదు, నాటుతున్నాం అంటున్నాడు. ఈ నీరు మట్టి లోపల నెమ్మదిగా నడుస్తుంది, వాలు వెంట కింద ఉన్న వాళ్ళ దగ్గరికి చేరుతుంది, కింద వాళ్ళకి మనమిచ్చే కానుక ఇది అన్నాడు.

అందరూ రాసుకున్నారు.

నేను ట్రేతో అక్కడే నిలబడిపోయాను. ఆయన నన్ను చూశాడు. చూసి, గొంతు సవరించుకుని, మట్టి మీద ఆకులు కప్పే మల్చింగ్ గురించి మొదలుపెట్టాడు.

అబద్ధం చెప్తున్నాడా అంటే కాదు. శుక్రవారం చెప్పిందీ నమ్మే చెప్పాడు, ఇవాళ చెప్పిందీ నమ్మే చెప్పాడు. ఒకే మనిషి, ఒకే నీళ్ళు. టీ చల్లారిపోయింది.

జూలై 11

రంగు కలిపి చూద్దామనుకున్నాను. కందకంలో రంగు పోసి వదిన గదిలో తేలుతుందేమో చూడటం. కానీ మట్టి రంగుని తినేస్తుంది, తేలకపోతే దానికి అర్థం ఉండదు. ఉప్పు పోస్తే మొక్కలు చస్తాయి. చివరికి టీడీఎస్ మీటర్ తీశాను, నీళ్ళలో లవణాలు చూసేది. సీసాల్లో నాలుగు నీళ్ళు పట్టాను. వాన నీళ్ళు, కందకం నీళ్ళు, వదిన కుళాయి నీళ్ళు, వదిన గచ్చు మీద ఊరిన నీళ్ళు. ఆ చివరివి స్పాంజితో పిండాల్సి వచ్చింది. ఏం చేస్తున్నావే అంటే, గచ్చు తుడుస్తున్నా అన్నాను.

గచ్చు నీళ్ళు కుళాయి నీళ్ళు కావు. అది ఖాయం. లవణాల లెక్కలో కందకం నీళ్ళకన్నా బరువు, కుళాయి నీళ్ళకన్నా తేలిక, మధ్యలో ఎక్కడో. మట్టిలోంచి నడిచి వచ్చిన మా నీళ్ళు అయ్యుండొచ్చు. లేదా ఈ గుట్టకి ఎప్పటి నుంచో ఉన్న సొంత ఊట అయ్యుండొచ్చు.

ల్యాబ్‌లో ఇలాంటి రిపోర్టు కింద ఒక లైను కొట్టేవాళ్ళం. క్లినికల్ కోరిలేషన్ అవసరం. అంటే మాకు తెలీదు, డాక్టర్‌నే అడగండి అని. ఇక్కడ డాక్టర్ ఎవరు?

జూలై 12

ఎవరికీ చెప్పలేదు.

జూలై 18

స్కూలు వాళ్ళు మిగిలిన ఆర్డర్ వేరే చోట ఇచ్చేశారు. బూజు వాసన వస్తోందన్నారట.

జూలై 19

వదిన పైకి వచ్చింది. ఆవిడ బాత్రూమ్ గచ్చు పగిలే ఉంది కదా, ఇన్నాళ్ళూ ఎదురింటి వాళ్ళ దగ్గరికి వెళ్తోందట. ఇవాళ వాళ్ళు తాళమేసుకుని ఊరెళ్ళారు. గుమ్మంలో నిలబడి, నీ పొట్టు సింహాసనం ఎక్కడే అంది. నేను చూపించాను. డబ్బా ఎలా పొయ్యాలో చెప్పాను. చాలా సేపటికి వచ్చింది. చేతులు కడుక్కుంటూ, వాసన లేదే అంది. అదేదో నేను మోసం చేసినట్టు.

వెంటనే దిగిపోతుందనుకున్నాను. కూర్చుంది. ఆయన షెడ్డులో ఉన్నాడు. వదిన నా మొహంలోకి చూసి సూటిగా అడిగింది. అమ్మాయ్, అవి మీ నీళ్ళేనా?

తెలీదు వదినా అన్నాను.

అది నిజం. టెస్టు చేసి మరీ తెలుసుకున్న నిజం. అయినా నా నోట్లోంచి వచ్చేసరికి అబద్ధంలా వినిపించింది. ఆవిడకీ అలాగే వినిపించిందనుకుంటా. నా వంక కాసేపు చూసి, సరేలే అని లేచింది. సరేలే అంటే ఏమిటి? నమ్మాననా? వదిలేస్తున్నాననా? ఆవిడ మెట్లు దిగుతున్నంతసేపూ ఆ మాటని తిరగేసి చూసుకుంటూనే ఉన్నాను.

జూలై 20, ఉదయం

ఆయన మొక్కల కోసం టౌన్ వెళ్ళాడు. పార తీసుకుని వెళ్ళి ఐదో కందకానికి గండి కొట్టాను. రోడ్డు కాలవ వైపు.

ముందు సన్నగా కదిలింది. తర్వాత గట్టు తనే విరుచుకుపడింది. నీళ్ళు ఎర్రగా, ఆకులతో, నేను నెలల తరబడి గంపలతో మోసి పోసిన ఎరువుతో సహా పోయాయి. అంత మెత్తని మట్టి. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. అడ్డం పడి ఆపాలనిపించింది. పార అక్కడే పారేసి రెండు చేతులతో మట్టి ఎత్తి వెనక్కి పోశాను కూడా. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళు, గండి కొట్టేదీ నేనే, పూడ్చేదీ నేనే. కాసేపటికి వదిలేశాను. ఒళ్ళంతా బురద.

సాయంత్రం

ఆయన చూశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. మొక్కల సంచీ దింపి, ఆ గండి దగ్గర చాలా సేపు నిలబడ్డాడు. లోపలికి వచ్చి, ఒక్క మాట అడగొచ్చు కదా అన్నాడు. అడిగాను అన్నాను. ఎప్పుడు అన్నాడు. బొమ్మ గీశావు అన్నాను.

జూలై 28

ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. గుమ్మడికి ఆడపూలు వచ్చాయి.

ఆగస్టు 6

వదిన గది ఆరుతోంది. గచ్చు మీద తెల్లగా ఉప్పు పొర. గోడ మీద మరక కిందకి దిగింది. నాకు ఎంత తేలికయిందంటే, వచ్చి ఆయనతో నేనే ముందు మాట్లాడాను. ఆరుతోంది అన్నాను.

నువ్వు గండి కొట్టిన రోజు నుంచీ వాన కూడా పడలేదు అన్నాడు. కోపంగా కాదు. అలిసిపోయినట్టు.

అవును. పడలేదు. మందు వేసిన రోజే జ్వరం తగ్గే కాలం కూడా అయితే, తగ్గించింది ఏది? నేను రెండు మార్పులూ ఒకేసారి జరగనిచ్చాను. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్ల ఇలాంటి పని చేస్తే చీవాట్లు పెట్టేదాన్ని.

ఐదో కందకం వెంట నాటిన మల్బరీల ఆకులు పసుపు తిరిగాయి. వాటికి మాత్రం ఏ అనుమానమూ లేదు.

ఆగస్టు 18

మూడు రోజులుగా కుండపోత. గండిలోంచి నీళ్ళు రోడ్డు కాలవలోకి పోతున్నాయి, ఐదో కందకంలో పిడికెడు నీళ్ళు కూడా నిలవలేదు.

వదిన గదిలో మాత్రం మళ్ళీ నీళ్ళు. ఈసారి చెమ్మ కాదు. నిలబడితే వేళ్ళు మునిగేంత.

కాబట్టి ఐదో కందకం కాదు. లేదా నాలుగోది. లేదా అన్నీ. లేదా ఏదీ కాదు. నేను ఉత్తపుణ్యానికి నెలల తరబడి పెంచిన మట్టిని కాలవ పాలు చేశాను. లేదా చెయ్యకపోతే ఇంకా ఎక్కువ నీళ్ళు వచ్చేవి.

ఆయన, చూశావా, అంటాడనుకున్నాను. అనలేదు. గునపం భుజాన వేసుకుని వానలోనే కిందకి దిగాడు. నేనూ వెనకే వెళ్ళాను. నెల పైగా అక్క గడప తొక్కని మనిషి. వెళ్ళగానే, అక్కా, మిషన్ జరుపు అన్నాడు. ముగ్గురం కలిసి మిషన్ని వసారాలోకి మోశాం, పాత తొక్కుడు మిషన్, ఇనప కాళ్ళది, ప్రాణం పోయింది. ఆయన మూలన గచ్చు పగలగొట్టి తవ్వడం మొదలుపెట్టాడు. ఎవరి నీళ్ళో తేల్చేద్దాం అన్నాడు.

మోకాటి లోతున ఇసక వచ్చింది. ఇసకలోంచి నీళ్ళు. మేం అనుకున్నట్టు మా వైపు గోడ నుంచి కాదు, మూల నుంచి కాదు. అడుగు నుంచి, సన్నగా బుడగలు వేస్తూ. ముందు మురికిగా, తర్వాత తేటగా. ఆయన గునపం మీద ఆనుకుని చూశాడు. ఇది ఎటు నుంచి వస్తోందో చెప్పలేం అన్నాడు నాతో. పైనుంచి దిగి కింద తగిలిన రాయి వెంట వచ్చి ఇక్కడ పైకి తన్నుతోందేమో. మనదే కావచ్చు, కాకపోవచ్చు. కాలవ తీసి బయటికి పంపేద్దాం అక్కా, పైన కందకాలన్నీ పూడ్చేస్తాను, రేపే మొదలెడతాను అన్నాడు. ఆయన ఆ మాట అంటాడని నేను కల్లో కూడా అనుకోలేదు.

వదిన చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి గుంట పక్కన గొంతుక్కూర్చుంది. దోసిలితో తీసి వాసన చూసింది. ఒక గుక్క తాగింది. మేమిద్దరం ఒకేసారి వద్దు వద్దు అన్నాం.

ఎవరివైతేనేంరా, నా ఇంట్లో ఉన్నాయి కాబట్టి నావే అంది.

ఎండాకాలం వస్తే ట్యాంకరు వాడి కోసం నేను బిందెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడతా, మీరు పైన ట్యాంకు మూత తీసి తాగుతారు, ఇన్నాళ్ళూ నన్ను ఒక్కళ్ళయినా అడిగారా అంది. ఇప్పుడు నీళ్ళు వాటంతటవి నా గదిలోకి వస్తే, వాటిని రోడ్డు మీదకి పంపించడానికి తయారయ్యారు ఇద్దరూ.

నిజంగా, ఎప్పుడూ అడగలేదు. సొంత కాళ్ళ మీద నిలబడటం అని మేం క్లాసులో చెప్తున్నప్పుడల్లా ఆవిడ కింద అదే చేస్తోంది, మిషన్ తొక్కుతూ.

ఆగస్టు 21

పూడ్చడం లేదు. తవ్వడమూ లేదు. మిషన్ మాత్రం మా ముందు గదిలోకి వచ్చింది, వదినతో సహా. గుంటకి రాళ్ళతో ఒరలు కట్టేదాకా అంది. ఆ ఒరలు ఎన్నాళ్ళకి పూర్తవుతాయో ఎవరూ అనలేదు.

రోజంతా టకటకటక. తేనెటీగలు కూడా ఈ వైపు రావడం మానేశాయి.

సెప్టెంబర్ 6, ఆదివారం

ఇవాళ క్లాసుకి వచ్చిన వాళ్ళు కందకాల కన్నా వదిన చుట్టూనే ఎక్కువ మూగారు. ఒకావిడ బ్యాగు జిప్ పాడైతే వదిన అక్కడికక్కడే మార్చింది. కరెంటు లేకుండా నడిచే మిషన్ అని ఫొటోలు తీసుకున్నారు. వదిన, ఇది కొన్నప్పుడు మా వీధిలో కరెంటు లేదమ్మా, అంతకు మించి సిద్ధాంతమేం లేదు అంది.

తర్వాత వాళ్ళలో ఒకతను, ఈ కందకాల వల్ల కింద వాళ్ళకి ఏం లాభమండీ అని ఆయన్ని అడిగాడు. వదిన మిషన్ ఆపింది. నేను టీ వడగడుతూ ఆగిపోయాను. ఆయన నోరు తెరిచాడు. కానుక అంటాడనుకున్నాను.

నాకు తెలీదండీ అన్నాడు. కింద మా అక్కది ఒక గది పోయింది, ఒక ఊట వచ్చింది, అవి మా వల్లో కాదో తెలీదు అన్నాడు.

ఎవరూ రాసుకోలేదు. వదిన మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఈ మనిషితో నేను ఎందుకు సరే అన్నానో ఆ ఒక్క క్షణం తెలిసినట్టే అనిపించింది. టీ వడగట్టేసరికి మళ్ళీ చేజారింది.

సెప్టెంబర్ 17

వదిన రోజూ ఉదయం కిందకి వెళ్ళి గుంట చూసుకుని వస్తుంది. ఇవాళ వచ్చి, నీళ్ళు తగ్గుతున్నాయి, మీ ఐదో గట్టు గండి పూడ్చెయ్యి అంది నాతో. పూడిస్తే మీ మిగతా గదుల్లోకి కూడా వస్తే అన్నాను. పూడ్చకపోతే ఎండాకాలానికి గుంట ఎండిపోతే అంది. అంటే అవి మా నీళ్ళే అని మీరనుకుంటున్నట్టేనా అన్నాను. ఇలాంటి పరీక్ష ప్రశ్నలు నన్నడక్కు, కుట్టేప్పుడు కొలత కావాలి గానీ గుడ్డ ఏ మిల్లుదో నాకెందుకు అంది.

ముగ్గురం గండి దగ్గరికి వెళ్ళాం. ఆయన మొత్తం పూడ్చేద్దామన్నాడు. నేను వదిలేద్దామన్నాను. జూలైలోనూ మేమిద్దరం సరిగ్గా ఇలాగే ఉన్నాం. అది ఇద్దరికీ ఒకేసారి తట్టి, నవ్వొచ్చి, నవ్వలేదు.

వదిన గండిలోకి దిగి నిలబడింది. చీర పట్టుకుని, పిక్క మీద వేలితో గీత గీసింది. ఇక్కడి దాకా ఉంచండి, పైది పోనివ్వండి అంది. ఏ లెక్కన అన్నాడు ఆయన. లెక్క లేదురా, చూద్దాం, ఎక్కువైతే ఒక రాయి తీస్తాం, తక్కువైతే ఒక రాయి పెడతాం అంది.

ఆయన రాళ్ళు పేర్చాడు. నేను మట్టి మెత్తాను. ఆవిడ మేం పూర్తి చేసేదాకా, కొలత జరిగిపోతుందన్నట్టు, కాలు తియ్యలేదు.

అక్టోబర్ 4, ఉదయం

నిన్న మధ్యాహ్నమంతా వాన. పొద్దున్నే ముగ్గురం వదిన గది తలుపు తీశాం. గచ్చు పొడిగా ఉంది. గుంట నిండుగా ఉంది. రాతి అంచు మీద ఒక కప్ప కూర్చుని ఉంది. తలుపు వేసే ఉంది, కిటికీ వేసే ఉంది, ఎటు నుంచి వచ్చిందో అర్థం కాలేదు. వదిన వంగి, ఏవమ్మా, నువ్వు పైవాళ్ళ తరఫా, నా తరఫా అని అడిగింది. అది గొంతు ఉబ్బించింది. మేం నిజంగానే జవాబు కోసం ఆగాం.